బావగారి బుట్ట సైకిల్

పంత్‌నగర్,
3 ఆగస్టు 2025

ఒరేయ్ రాంబాబూ,

ఆశీస్సులు. ఇక్కడ మేం కులాసా అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నా. నిజంగానే కులాసా, అదే ఇబ్బంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటావు. ఈ క్వార్టర్లో రెండు గదుల మధ్య గోడ పేరుకే ఉంది. నేను నీతో హాల్లో మాట్లాడితే మీ అక్క వంటింట్లోంచి జవాబులు చెబుతుంది. నువ్వేమో ఫోను చెవి దగ్గర పెట్టుకోవు. నేను దగ్గితే నందిగామ సెంటరంతా నీ స్పీకర్లో వింటుంది. అందుకని కాగితం.

సంగతేంటంటే, సైకిల్ కొనుక్కున్నా.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మార్చిలో మిరప చేలో షుగరు నన్ను పడేశాక అమ్మాయి నీహారిక వచ్చి మమ్మల్నిద్దర్నీ ఇక్కడికి తెచ్చిందిగా. పది రోజులన్నాం. ఆ పది రోజులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. డాక్టరేమో రోజూ నడవమంటాడు, మోకాళ్ళేమో నువ్వే నడువంటాయి. ఈ ఊళ్ళో అంతా వ్యవసాయ యూనివర్సిటీయే. రోడ్లు బల్లపరుపు, రెండు పక్కలా చెట్లు, పెద్ద ప్రొఫెసర్ల దగ్గర్నించి పాలు పోసేవాడి దాకా అందరూ సైకిళ్ళే. మట్టి పాఠాలు చెప్పే మన నీహారిక కూడా సైకిల్ మీదే వెళ్తుంది. రోజూ కిటికీ దగ్గర కూర్చుని చూసి చూసి, చంటి పిల్లాడిలా నాకూ కావాలని పేచీ పెట్టా. “పడతావు నాన్నా” అంది. పడితే లేస్తానన్నా. చివరికి పక్కన రుద్రపూర్ తీసుకెళ్ళింది.

కొట్లో మామూలు సైకిల్ ఎక్కబోతే మధ్య బారు మీదుగా కాలు లేవలేదు. సగంలో ఆగిపోయి కొంగలా నిలబడ్డా. కొట్టువాడు జాలిపడి లేడీస్ సైకిల్ ఒకటి తెచ్చాడు. నీలం రంగు, ముందు బుట్ట. “వేరే కొట్టు చూద్దాం నాన్నా” అని అమ్మాయంటే, వద్దు ఇదే కావాలని నేనే పట్టుబట్టా.

ఇది నీ కడుపులోనే ఉంచు. బుల్లెట్ మీద జగ్గయ్యపేట వెళ్ళే మనిషి కూతురింట్లో ఉండటమే ఎక్కువ. దానికి లేడీస్ సైకిలూ, బుట్టా కూడానా? ఎవరడిగినా మందులు మారుస్తున్నారు, దసరా దాటాక వస్తాడని చెప్పు.

ఇట్లు,
బుట్టతో సహా మీ బావ,
భవానీప్రసాద్


నందిగామ,
14 ఆగస్టు 2025

బావగారికి రాంబాబు నమస్కారాలు, సైకిల్‌కి ప్రత్యేకంగా ఇంకో నమస్కారం.

మీ ఉత్తరం చదివి బీరువాలో చీరల కింద పెట్టా. మీ చెల్లెలు రాజ్యశ్రీ ఆ చీరలు కట్టదు, మీరు పెట్టినవేగా.

నిన్న మీ పొలం చూడటానికి వత్సవాయి వెళ్ళా. కౌలు చేసే ఏలీయా పత్తికి మందు కొట్టించాడు. కాపు బాగుంది. వచ్చేటప్పుడు జగ్గయ్యపేటలో దిలీప్ కొట్టు దగ్గర ఆగా. ఎరువులు కొనేవాళ్ళకంటే కబుర్లు చెప్పేవాళ్ళే ఎక్కువున్నారు. అందరూ మీ గురించే. “పది రోజులన్నాడు, అల్లుడింట్లో సెటిలయ్యాడా ఏంటి?” అని ఒకడు. “అల్లుడు కల్యాణ్‌కి ఢిల్లీలో ఉద్యోగమంటగా, వారానికోసారి వస్తాడంట. మరి రోజూ మావగారే ఇంటి పెద్దా?” అని ఇంకొకడు. మందులు, డాక్టరు, స్కానింగు అని చెప్పుకొస్తున్నా. నేను ఇప్పటిదాకా మీకు అంటగట్టిన జబ్బులన్నీ నిజమైతే మీరు మంచం మీద పక్కకి తిరగడం కూడా కష్టం బావా.

ఒక్కమాట. దసరా దాటాక నిజంగా వస్తారా? అక్కనడిగితే నవ్వి ఫోన్ పెట్టేసింది.

మీ
రాంబాబు


పంత్‌నగర్,
2 సెప్టెంబరు 2025

రాంబాబూ,

మీ అక్క నవ్విందంటే జవాబు వచ్చేసినట్టే. దానికి ఇక్కడ ఏ బాధా లేదు. “నేను కన్న పిల్ల ఇల్లు, నాకెందుకు సిగ్గు” అంటుంది. కన్నది తను కాబట్టి అలా అనొచ్చు. మన వైపు మగాడు అంత తేలిగ్గా అనలేడు. మా నాన్న మా అక్క ఊరెళితే మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం కాఫీకి కూడా ఆగకుండా బస్సెక్కేవాడు.

సైకిల్ సంగతి విను. పొద్దున్నే పొగమంచులాంటి తేమ ఉంటుంది. ఆ టైంలో బయల్దేరతా. కాళ్ళు రెండు తిప్పులు తిప్పితే చాలు, మిగతా దూరం అదే తీసుకెళ్తుంది. బుల్లెట్ మీద ఇన్నేళ్ళు తిరిగా గానీ పక్కన చేలో ఏం వేశారో ఎప్పుడూ చూడలేదు. దుమ్మూ, హారనూ తప్ప. ఇక్కడ చెరకు వాసన కూడా తెలుస్తోంది. పిల్లలు “నమస్తే అంకల్‌జీ” అంటూ దాటిపోతారు. హిందీ రాదు కాబట్టి నేను బెల్లు కొడతా. వాళ్ళు తిరిగి కొడతారు. ఇంతకంటే మంచి సంభాషణ నాకు పెళ్ళయ్యాక దొరకలేదు.

మధ్యాహ్నం అమ్మాయికి క్యారేజీ పట్టుకెళ్తా. తను వద్దంది, క్యాంటీన్లో తింటానంది. నేనే ఊరుకోలా. మొన్న వాళ్ళ డిపార్ట్‌మెంట్ స్టాండులో పెట్టి, తిరిగొచ్చేసరికి అన్నీ సైకిళ్ళే, నాది ఏదో తెలీలా. ఒక్కో తాళానికీ నా తాళంచెవి పెట్టి చూస్తుంటే సెక్యూరిటీ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నీహారిక పరుగెత్తుకొచ్చి “మా నాన్న” అని చెప్పింది. అందరి ముందూ గట్టిగా చెప్పింది. నాకే ఎటు చూడాలో తెలీలేదు.

ఇంకోసారి బుట్టలో అరటిపళ్ళు కోతి ఎత్తుకెళ్ళింది. అది చెట్టెక్కి ఒలుచుకుంటూ నా వంక చూసిన చూపు అచ్చు మా వియ్యపురాలి చూపు. వాళ్ళ చిల్లకల్లులో ఈ మాట అనకు.

మీ బావ


పంత్‌నగర్,
14 అక్టోబరు 2025

రాంబాబూ,

ఎక్కువ రాయడానికి లేదు. ఇక్కడ రైతుల మేళా జరిగింది. విత్తనాల కంపెనీ వాళ్ళు డీలర్లని నైనిటాల్ టూర్ తిప్పి, దారిలో ఇక్కడ దింపారు. అందులో దిలీప్ ఉన్నాడు. నేను క్యారేజీ తీసుకుని వెళ్తుంటే గేటు దగ్గర చూశాడు. కాసేపు మాట్లాడా.

వాడు ఏమన్నా చెబితే పెద్దగా పట్టించుకోకు. నా సంగతి నీకు తెలుసుగా, ఏదో ఒకటి అంటుంటా.

పత్తి తీతలు మొదలెట్టారా?

బావ


నందిగామ,
27 అక్టోబరు 2025

బావా,

పట్టించుకోవద్దంటే ఎలా బావా? మీరు దాస్తే దాగుతుందా?

దిలీప్ టూర్ నించి రాగానే చెప్పాడు. కొట్టు దగ్గర అందరి ముందూ చెప్పాడు. “బాబాయ్‌ని చూస్తే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి రాంబాబన్నా. లేడీస్ సైకిల్ మీద సొరకాయలూ, క్యారేజీ మోస్తున్నాడు. కూతురింట్లో పడి తింటున్నప్పుడు చెప్పిన పని చెయ్యాలిగా అన్నాడు” అని. నా తల కొట్టేసినట్టయింది.

నాతో మీరు ఎన్ని జోకులేసినా, కోతి అనీ బెల్లు అనీ ఎంత రాసినా, ఆ నవ్వు వెనకాల ఏముందో ఇప్పుడు అర్థమైంది. సైకిల్ మీరే అడిగి కొనిపించుకున్నారని రాసింది కూడా పిల్లని వెనకేసుకు రావడానికే అని తెలిసిపోయింది. అలాంటి మనిషే మీరు.

ఆ కోపంలోనే కొట్లోంచి నీహారికకి ఫోన్ చేశా. స్పీకర్లోనే ఉంది, నా అలవాటు మీకు తెలుసుగా. “మీ నాన్న చేత పాలేరు పని చేయిస్తున్నావంట, నిజమేనా?” అని అడిగా. “ఎవరు చెప్పారు మామయ్యా?” అంది. “మీ నాన్నే చెప్పాడు, దిలీప్‌తో” అన్నా. “అవును మామయ్యా. నేనే చేయిస్తున్నా. తప్పే” అంది. ఒప్పేసుకుంది! ఇక నేనాగలా. పెద్దమ్మాయని, చదువుకుందని కూడా చూడకుండా అనాల్సినవన్నీ అన్నా. ఎదురు మాట్లాడలేదు. తప్పు చేసినవాళ్ళు ఏం మాట్లాడతారు?

అక్కనీ తీసుకుని వచ్చెయ్యండి బావా. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది.

మీ
రాంబాబు


పంత్‌నగర్,
29 అక్టోబరు 2025

రాంబాబూ,

నీ దగ్గర్నించి ఉత్తరం లేదు. నాకేమో ఇక్కడ ఏదీ అర్థం కావట్లేదు.

వారం నించి అమ్మాయి వరస మారింది. కోపమా అంటే కాదు. మర్యాద ఎక్కువైంది. అదే భయంగా ఉంది. నేను కూరలకి బయల్దేరితే “వద్దు నాన్నా, నేను తెప్పిస్తా” అంటోంది. క్యారేజీ వద్దంది, ఈసారి నిజంగానే. సైకిల్ తాళంచెవి గూట్లో లేదు. అడిగితే “సర్వీసింగ్‌కి ఇద్దామనుకుంటున్నా” అంది. కొత్త సైకిల్‌కి సర్వీసింగ్ ఏంటో!

మొన్న ఆదివారం ఎవరో బదిలీ మీద వెళ్ళిపోతున్న మాష్టారి దగ్గర కారు కొంది. తెల్లది. “నాన్నా, నువ్వూ అమ్మా ఎక్కడికెళ్ళాలన్నా ఇందులోనే” అని వెనక తలుపు తీసి పట్టుకుంది. ముందు కూర్చుంటానంటే వెనకే హాయిగా ఉంటుందంది. గవర్నర్‌లా కూర్చున్నా. ఎక్కడికీ వెళ్ళాల్సిన పనిలేక బజారు దాకా వెళ్ళి తిరిగొచ్చాం. దారిలో సైకిళ్ళ మీద పిల్లలు నన్ను గుర్తుపట్టి బెల్లు కొట్టారు. అద్దం ఎలా దించాలో నాకు తెలీలేదు.

నాకు వయసు మీద పడిందని అనుకుంటోందేమో. లేకపోతే నేను సైకిల్ మీద తిరగడం తనకే చిన్నతనంగా ఉందేమో. పెద్ద ఉద్యోగం కదా. ఉంటే ఉంటుంది, తప్పు పట్టను. కానీ చెబితే బాగుండేది.

బావ


పంత్‌నగర్,
5 నవంబరు 2025

రాంబాబూ,

నీ ఉత్తరం వచ్చింది. నువ్వు తిట్టాల్సింది దాన్ని కాదురా. సరిగ్గా విను, ఈసారి జోకుల్లేవు.

ఆరోజు గేటు దగ్గర దిలీప్ “బాబాయ్!” అని కేకేశాడు. వాడి వెనక నలుగురైదుగురు డీలర్లు, మన వైపు వాళ్ళే. వాడు నన్ను చూశాడు, తర్వాత సైకిల్‌ని చూశాడు, తర్వాత బుట్టలో సొరకాయని చూశాడు. “ఏంటి బాబాయ్ ఈ వేషం?” అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. దిగుదామంటే ఆ మోకాలు వెంటనే దిగనివ్వలా. అలా ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద పెట్టుకుని, నోటికొచ్చిన మాట అనేశా. “ఏం చేస్తామయ్యా, కూతురింట్లో పడి తింటున్నప్పుడు చెప్పిన పని చెయ్యాలిగా. ఎక్కమంది, ఎక్కా.”

నవ్విద్దామని మొదలెట్టిన మాటే. కానీ వాళ్ళు నవ్వలా. మొహాలు మారిపోయాయి. దిలీప్ నా భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు “కాదయ్యా, ఊరికే అన్నా” అనొచ్చు. అనలా. ఎందుకంటే నవ్వేవాళ్ళ కంటే జాలిపడేవాళ్ళ ముందు నిలబడటం తేలిగ్గా అనిపించింది. పైగా కాస్త నిట్టూర్చా కూడా. ఆ నిట్టూర్పు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ మాట అనేసి అదే సైకిల్ మీద వెళ్ళి అదే క్యారేజీ దానికిచ్చా. “పప్పు బాగుంది నాన్నా, దారిలో ఎండగా ఉందా” అంది.

నువ్వు ఫోన్ చేసిన రోజున, “మీ నాన్నే చెప్పాడు” అని నువ్వన్న క్షణంలోనే దానికంతా అర్థమైపోయి ఉంటుంది. అయినా ఒప్పుకుంది. నీకు అది ఒప్పుకోలులా వినపడింది. ఒరేయ్, నువ్వు దాన్ని ఎత్తుకుని తిప్పినవాడివి. నీకెలా తెలియలేదురా అని అడగబోయి ఆగా. కన్నవాణ్ణి, నాకే తెలియలేదు.

అంటే ఇన్నాళ్ళూ దానికి తెలుసు. తెలిసే నాకు కారు తలుపు తీసింది. ఉదయం ఉప్మా పెట్టి, షుగరు మాత్ర చేతిలో పెట్టి, మంచినీళ్ళు ఇచ్చింది. నేను గవర్నర్‌నంటూ నీకు జోకులు రాశా.

ఇంకా దాంతో మాట్లాడలేదు. రోజూ అనుకుంటున్నా. అది ఎదురుగా వచ్చేసరికి వాతావరణం గురించి మాట్లాడుతున్నా. నువ్వు ముందు దిలీప్ కొట్టుకెళ్ళి అసలు సంగతి చెప్పు.

బావ


నందిగామ,
14 నవంబరు 2025

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివా. నాకు అన్నం సయించలా. రాజ్యశ్రీకి చెబితే “స్పీకర్లో పెట్టి తిట్టావా?” అని ఒక్క మాటే అడిగి లోపలికెళ్ళిపోయింది. రెండు రోజులైంది, నాతో కూరలో ఉప్పు గురించి కూడా మాట్లాడట్లేదు.

మీరు చెప్పినట్టే దిలీప్ దగ్గరికెళ్ళా. సైకిల్ బావే కోరి కొనిపించుకున్నాడు, పిల్ల వద్దన్నా ఆయనే క్యారేజీ పట్టుకెళ్తున్నాడని చెప్పా. వాడు నా చెయ్యి పట్టుకుని “తెలుసన్నా. ఇంటి గుట్టు బయట పడకూడదని సర్దిచెబుతున్నావు. నీ స్థానంలో ఎవరున్నా అంతే” అన్నాడు. పక్కనున్నవాళ్ళు “పాపం” అన్నారు. నేను ఎంత గట్టిగా నిజం చెబితే అంత అబద్ధంలా వినపడుతోంది బావా. మొన్నటిదాకా చెప్పిన జబ్బులన్నీ నమ్మారు!

దీనికన్నా పెద్దది ఇంకోటుంది. ఎలా రాయాలో తెలియట్లేదు. మాట చిల్లకల్లు చేరింది. కల్యాణ్ వాళ్ళమ్మగారు డిసెంబర్లో అక్కడికొచ్చి కొన్నాళ్ళు ఉందామనుకున్నారంట కదా. ఆ ప్రయాణం మానుకున్నారు. “కన్నతండ్రినే అలా చూసే పిల్ల రేపు మమ్మల్ని ఎలా చూస్తుంది” అన్నారంట. ఆవిడ కల్యాణ్‌కి కూడా ఫోన్ చేసి ఉంటారు. పిల్ల మీకు చెప్పిందో లేదో.

నేను చెబితే ఎవరూ నమ్మరు. మీరే చెప్పాలి బావా. నీహారికకి ఫోన్ చేద్దామని పేరు నొక్కి, రింగవక ముందే కట్ చేస్తున్నా. మీరు మాట్లాడాక నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. అప్పుడు చేస్తా. చెవి దగ్గర పెట్టుకుని చేస్తా.

మీ
రాంబాబు


పంత్‌నగర్,
23 నవంబరు 2025

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పొద్దున్నే అమ్మాయి టిఫిన్ తింటుంటే ఎదురుగా కూర్చున్నా. కల్యాణ్ కూడా ఆదివారం కాబట్టి ఉన్నాడు. అతను పేపరు పట్టుకుని బయటికి వెళ్ళబోతే కూర్చోమన్నా.

చెప్పా. గేటు దగ్గర అన్న మాట అన్నట్టే చెప్పా. నిట్టూర్పు కూడా చెప్పా. మీ అక్క గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింది. తనకి ముందే తెలుసంట. నాతో ఒక్క మాట అనకుండా ఇన్నాళ్ళు ఉందంటే చూడు, ఆ కడుపులో ఎంత చోటుందో.

“మామయ్య అడిగినప్పుడు ఎందుకు ఒప్పుకున్నావమ్మా?” అన్నా.

“కాదంటే నువ్వు అబద్ధం చెప్పినట్టు అవుతుంది కదా నాన్నా. అటు వైపు కొట్టు నిండా మనుషులున్నారు, వినపడుతూనే ఉంది” అంది.

“సైకిల్ మీద కనపడేసరికి సిగ్గేసి...” అని ఏదో మొదలెట్టా.

అప్పుడు చట్నీ గిన్నె పక్కకి జరిపి నా మొహంలోకి చూసింది. “సైకిల్ అంటే నీకు సిగ్గు లేదు నాన్నా. రోజూ బెల్లు కొట్టుకుంటూ మలుపు తిరిగేదాకా నాకు వినపడేది. నీకు సిగ్గు మా ఇల్లంటే. ఎన్ని నెలలైనా అక్కడ వాళ్ళకి మందులు మారుస్తున్నారనే చెప్పిస్తున్నావు. నేను కొడుకునైతే చెప్పించేవాడివా?”

లేచెళ్ళి ఫోన్ తెచ్చుకుని మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నా.

దిలీప్‌కి ఫోన్ చేశా. వాడు మొదట “అర్థమైంది బాబాయ్, పక్కన అమ్మాయుందా?” అన్నాడు. ఉంది, అందుకే నిజం చెబుతున్నానన్నా. నీ కొట్లో ఎంతమంది ముందు నా మాట చెప్పావో అంతమంది ముందూ ఇది చెప్పు, లేకపోతే నేనే వచ్చి చెబుతానన్నా. వాడు చాలాసేపు ఆలోచించి, “అక్కడ చలెలా ఉంది బాబాయ్?” అన్నాడు. నమ్మాడనే అనుకుంటున్నా.

అసలు కష్టం చిల్లకల్లు ఫోను. వియ్యపురాలికి చెప్పడం. ఆవిడతో నేనెప్పుడూ “బాగున్నారా వదినగారూ” దాటి మాట్లాడినవాణ్ణి కాదు. దిలీప్‌తో అన్నది అబద్ధమని చెప్పి, “మా అమ్మాయి నా చేత ఏ పనీ చేయించలేదండి. నేనే అడిగి కొనిపించుకున్నా” అన్నా.

“లేడీస్ సైకిలంట కదా అన్నయ్యగారూ?”

“అవునండి. కాలు లేవదు.”

“మా ఆయనకీ మోకాళ్ళే” అంది. “మరి ఊరికెప్పుడొస్తున్నారు?”

కల్యాణ్ పేపరు చూస్తున్నట్టు కూర్చున్నాడు గానీ పేజీ తిప్పట్లా. అమ్మాయి వంటింట్లో పంపు కట్టేసింది.

“రావట్లేదండి. పొలం పని చూసుకోవడానికి అప్పుడప్పుడూ వస్తా. ఉండటం మటుకు ఇక్కడే. మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం. మీరూ రండి, డిసెంబర్లో రావాల్సిందే.”

ఆవిడ ఆలోచించుకుని చెబుతానంది. వస్తారో రారో తెలియదు. చెడగొట్టినంత త్వరగా బాగుపడదుగా. అమ్మాయి సింకులో ప్లేట్లు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, చలి పెరుగుతోంది నీకో స్వెట్టర్ కొనాలి అంది. క్షమించిందా అని నేనడగలా. అడిగితే దానికి ఇంకో పని చెప్పినట్టవుతుంది.

నువ్వు ఫోన్ చెయ్యి. అది మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. తిడితే పడు.

ఇక ఒక్కటే పని నీతో. మన వైపు ఎవరన్నా నేనెప్పుడొస్తానని అడిగితే ఈసారి జబ్బు పేరు చెప్పకు. కూతురి దగ్గర ఉంటున్నాడని చెప్పు. నోరు తిరగడం మొదట్లో కాస్త కష్టంగానే ఉంటుంది. ముందు ఇంట్లో తలుపేసుకుని గట్టిగా రెండు మూడుసార్లు అని చూసుకో. చిల్లకల్లు ఫోన్ చేసే ముందు నేనూ బాత్‌రూంలో కొళాయి విప్పి అదే చేశా.

మీ బావ,
భవానీప్రసాద్